చెరువు కోర్‌ల 42 సెంటీమీటర్ల కాడ కార్బన్-13 దుంకింది, ఇది కరువేనా?

పూడిక_పొరలు
ములుగు దిక్కు కాకతీయుల నాటి చెరువు. తూముకు 60 మీటర్ల లోపల, నీళ్లు నడుము లోతు ఉన్నప్పుడు, 63 ఎంఎం పీవీసీ పైపు దించి తీసిన 1.6 మీటర్ల కోర్ (పూడిక పొరలు వరుసగ ఉన్న మన్ను కడ్డీ). 2 సెంటీమీటర్లకు ఒక శాంపిల్. సేంద్రియ కార్బన్ డెల్టా-13 (బరువు కార్బన్-13 ఎంత ఉందో వెయ్యికి ఇంత, అంటే పర్ మిల్‌ల, చెప్పే లెక్క; మైనస్ తగ్గితే బరువెక్కినట్టు) పైనుంచి 42 సెంటీమీటర్ల దాకా −25 చుట్టే తిరుగుతున్నది. 42 కాడ ఒక్కసారి −20కి దుంకింది, 58 దాకా అట్లనే ఉంది, ఆ కింద మల్ల −24. అవే పొరలల్ల కార్బనేట్ (సున్నపు ఖనిజం) ఆక్సిజన్-18 కూడ −4.5 నుంచి −1.5కు ఎక్కింది.

నీళ్లు ఆవిరైతే ఆక్సిజన్-18, ఎండిన కాలపు గడ్డి పెరిగితే కార్బన్-13 ఎక్కుతయి. రెండూ జోడుగ ఎక్కినయి కాబట్టి కరువు అని రాసెయ్యమంటున్నరు. నాకు మనసొప్పుతలేదు. ఈ 16 సెంటీమీటర్లకు కరువు అని పేరు పెట్టే ముందు ఏమేం కాదని తేల్చుకోవాలె?

శికం_మన్ను
ముందు కార్బనేట్ తీసెయ్యనీకి పెట్టిన యాసిడ్ సంగతి చెప్పు. ఎంత గాఢత, ఎంత వేడి, ఎంతసేపు? సేంద్రియ కార్బన్ శాతం ఎంత?

పూడిక_పొరలు
1 నార్మల్ హైడ్రోక్లోరిక్, గది వేడిమి, ఒక రాత్రి. పొంగు ఆగినంక మూడుసార్లు కడిగి 50 డిగ్రీల ఓవెన్‌ల ఆరబెట్టినం. ఆ పొరలల్ల కార్బన్ 1 శాతం, పైన 2 దాకా ఉంది.

శికం_మన్ను
అయితే నా అనుమానం డోలమైట్ (మెగ్నీషియం కలిసిన కార్బనేట్) మీదనే. మల్లంపల్లి, ములుగు పేర్లతోని పాకాల శ్రేణి రాళ్ల వర్గాలే ఉన్నయి. వాటిల సున్నపురాయి, డోలమైట్ పొరలు ఉంటయి, వంద కోట్ల ఏండ్లు దాటినయి. వాగు ఆ పొడిని తెచ్చి చెరువుల పోస్తది. కాల్సైట్ (మామూలు సున్నపు ఖనిజం) చల్లటి పల్చటి యాసిడ్‌ల బుసబుస పొంగి నిమిషాలల్ల పోతది. డోలమైట్ అట్ల పొంగది, మెల్లగ కరుగుతది. పొంగు ఆగిందంటే కాల్సైట్ అయిపోయిందనే లెక్క. కార్బనేట్ మొత్తం పోయిందని కాదు.

లెక్క చూడు. అసలు సేంద్రియ కార్బన్ −25 అనుకుందాం. సముద్రంల పుట్టిన ఆ పాత డోలమైట్ కార్బన్ సున్నకు దగ్గర ఉంటది. మెషిన్ −20 చూపియ్యాలంటే కొలిచిన కార్బన్‌ల ఐదో వంతు డోలమైట్‌ది అయితే చాలు. నువ్వు కొలిచింది 1 శాతం, అందుల ఐదో వంతు 0.2 శాతం. డోలమైట్ బరువుల 13 శాతం కార్బన్. అంటే 100 గ్రాముల మన్నుల గ్రామున్నర డోలమైట్ కరగకుండ మిగిలితే నీ 5 పర్ మిల్ దుంకుడు మొత్తం దానితోనే వస్తది. కార్బన్ తక్కువున్న పొరలల్లనే దుంకింది చూడు, అది కూడ ఈ దిక్కే చూపుతున్నది.

దుంకిన పొరలల్ల ఆరు, పైన రెండు, కింద రెండు శాంపిళ్లు మల్ల చెయ్యి. అదే యాసిడ్, ఈసారి 60 డిగ్రీల వాటర్ బాత్‌ల 12 గంటలు, నడుమ నడుమ కలుపుతుండాలె. వేడి యాసిడ్ కొంత సేంద్రియ పదార్థాన్ని కూడ కరగదీస్తది. అందుకే పై పొరలకూ కింది పొరలకూ అదే పద్ధతి పెట్టాలె. లేకుంటే ఒక తప్పు తీసి ఇంకొకటి పెట్టినట్టయితది.

సన్నపొడి
ఫిల్టర్ పేపర్ మీద పొయ్యకు. అది సెల్యులోజ్, దాని పీచు శాంపిల్‌ల కలిస్తే నువ్వు కొలిచేది దూది. సెంట్రిఫ్యూజ్ గొట్టాలల్లనే కడుగు, పీహెచ్ 6 దాటేదాక. మూడు కడుగులు అని లెక్క పెట్టుకోకు, పీహెచ్ చూసుకో. యాసిడ్ మిగిలితే తగరం క్యాప్సూల్‌ను తింటది, మెషిన్‌ల పడకముందే చిల్లువడ్తది.

ఎండినంక అగేట్ కల్వంల నూరు. 1 శాతం కార్బన్ ఉంటే 10 మిల్లీగ్రాములు, 2 ఉంటే 5. అన్నిట్ల కార్బన్ 100 మైక్రోగ్రాముల చుట్టూ ఉండేటట్టు తూకం వేస్తే పీక్‌లు ఒక్క ఎత్తుల వస్తయి. విలువ ముందే తెలిసిన స్టాండర్డ్‌లను కూడ అదే ఎత్తుకు తూచాలె. ఒక్కటే స్టాండర్డ్ పెడితే సరిపోదు. యూఎస్‌జీఎస్-40 (−26.39), ఐఏఈఏ-సీహెచ్-6 (−10.45) పెడితే నీ విలువలన్నీ ఆ రెంటి నడుమ పడ్తయి.

నైట్రోజన్ మాత్రం యాసిడ్ పెట్టని మన్నుల కొలువు. కడుగుల నైట్రోజన్ కొంత నీళ్లతోని పోతది. కార్బన్ కడిగిన దాంట్ల, నైట్రోజన్ కడగని దాంట్ల.

స్ఫటికం
మెషిన్ మీదికి పోకముందే డోలమైట్ ఉందో లేదో ఎక్స్-రేతోని ఖనిజం గుర్తుపట్టే ఎక్స్‌ఆర్‌డీల తేలిపోతది. రాగి ట్యూబ్ అయితే కాల్సైట్ పీక్ 29.4 డిగ్రీల కాడ, డోలమైట్ 30.9 కాడ. అరగోనైట్ (కాల్సైట్ పదార్థమే, స్ఫటికం తీరు వేరు) 26.2 కాడ వస్తది కానీ పక్కనే 26.6ల క్వార్ట్జ్ కొండ లెక్క నిలబడి దాన్ని మింగేస్తది. మన గ్రానైట్ మన్నుల క్వార్ట్జ్‌కు కొదవ లేదు. అందుకే 45.9 కాడ ఇంకో పీక్ ఉందో చూసినంకనే అరగోనైట్ అను.

ఎక్స్‌ఆర్‌డీ అందకపోతే అలిజరిన్ రెడ్-ఎస్ అనే రంగు ఉంది. పల్చటి చల్లటి యాసిడ్‌ల కలిపి స్లయిడ్ మీద చుక్క వేస్తే కాల్సైట్ ఎర్రగయితది, డోలమైట్‌కు రంగు పట్టది. మైక్రోస్కోప్ కింద రంగు పట్టని, పతంగి ఆకారం గింజలు కనవడితే నీ జవాబు అక్కడనే దొరికినట్టు.

జొన్నచేను
డోలమైట్ సరే. అది తీసేసినంక కూడ కొంత ఎక్కుడు మిగిలితే? అప్పుడు కూడ కరువు అనే ముందు చుట్టూ ఏం పండించిన్రో అడగాలె. జొన్న, సజ్జ, కొర్ర, మక్కజొన్న, చెరుకు సీ-4 మొక్కలు (గాలిల కార్బన్‌ను పట్టుకునే తీరు సీ-3 వాటికన్నా వేరు), వీటి కార్బన్ −13 చుట్టూ. వరి, పత్తి, కంది, పెసర, మిర్చి, అడివిల టేకు సీ-3, వీటిది −27 చుట్టూ. చెలకల జొన్న ఎక్కువైనా, అడివి కొట్టి గడ్డి పెరిగినా కార్బన్-13 బరువెక్కుతది, వాన ఒక్క చుక్క తగ్గకున్నా. చెరువు కింద వరి పెరిగితే తేలికయితది, వాన పెరగకున్నా. సహజ సరస్సుల సీ-4 పెరిగిందంటే ఎండిన కాలం అనుకోవచ్చునేమో. చెరువు చుట్టూ మనిషి ఉన్నడు, వాడు ఏం విత్తితే అదే పూడికల రాసి ఉంటది.

తామరాకు
జొన్నచేను మాట సగమే ఒప్పుకుంట. కట్ట కింద ఉన్న పొలం మన్ను చెరువుల పడది. ఆయకట్టు దిగువన ఉంటది, పూడిక ఎగువ నుంచి వస్తది. వరి లెక్క ఎగువ కుంటల కింద ఉన్న పొలాలకే పనికొస్తది. ఎగువన చెలకలు, అడివి, పశువులు మేసే బీడు. ముందు వాగు పరీవాహకం మ్యాప్ గీసి ఆ లోపల ఏముందో చూడాలె.

రెండోది, చెరువుల పెరిగే మొక్కలను మర్చిపోయిన్రు. నీళ్లల్ల మునిగి పెరిగే నాచుకు కరిగిన కార్బన్ డయాక్సైడ్ చాలకపోతే బైకార్బనేట్ వాడుకుంటది. అప్పుడు దాని కార్బన్-13 బరువెక్కి సీ-4 గడ్డి దాకా పోతది. నీళ్లు తగ్గి, తేటవడి, ఎండ అడుగుదాక దిగినప్పుడు ఇట్ల నాచు బలుస్తది. జమ్ము, గుర్రపుడెక్క మాత్రం సీ-3నే. కాబట్టి −20 అంటే జొన్న కావచ్చు, నాచు కావచ్చు, శికం అన్న చెప్పిన డోలమైట్ కావచ్చు. ఒక్క నంబర్ ఈ మూడింటిని విడదీయలేదు.

జొన్నచేను
ఆయకట్టు దిగువన అన్నది నిజమే, ఆ మాట సరిదిద్దుకుంటున్న. కానీ ఈ దిక్కు ఒక్క చెరువు ఒంటిగ ఉండది, గొలుసుకట్టు ఉంటది. ఎగువ చెరువు ఆయకట్టు నీళ్లు దిగువ చెరువులకే దిగుతయి. ఎగువ పొలాల బురద అట్ల వస్తది.

తామరాకు
గొలుసుకట్టు అయితే ఒప్పుకుంట.

నాచును, నేల మొక్కను విడదీయనీకి కార్బన్-నైట్రోజన్ నిష్పత్తి ఉంది. నాచు 4 నుంచి 10, నేల మొక్కలు 20 పైన. బరువు నిష్పత్తా, పరమాణు నిష్పత్తా అన్నది తప్పకుండ రాయాలె. బరువుది 1.167తోని గుణిస్తే పరమాణుది వస్తది. ఒక్కటి చూసుకోవాలె, కార్బన్ 1 శాతం దగ్గర ఉన్న మన్నుల బంకమట్టి పట్టుకున్న అమ్మోనియం నైట్రోజన్ లెక్కను పెంచుతది, నిష్పత్తి దొంగగ తగ్గుతది, నాచు కాకున్నా నాచు అనిపిస్తది. నైట్రోజన్‌ను అడ్డం మీద, కార్బన్‌ను నిలువు మీద పెట్టి గీత గియ్యి. గీత సున్న కాడ కాకుండ నైట్రోజన్ వైపు తగిలితే ఆ తగిలినంత బంకమట్టిది.

పూడిక_పొరలు
ఎగువన రెండు కుంటలు, ఒక చిన్న చెరువు ఉన్నయి, గొలుసుకట్టే. కార్బన్-నైట్రోజన్ 58 కింద 14, దుంకిన పొరలల్ల 9. నాచు అనుకున్న. ఇప్పుడు గీత గీసి చూడాలె.

ఆక్సిజన్ సంగతి ఎవరూ ముట్టలేదు. అదే కదా నన్ను కరువు దిక్కు లాగుతున్నది.

మత్తడి_నీళ్లు
ఆక్సిజన్‌కు వద్దాం. ఉష్ణోగ్రతను ముందే పక్కకు పెట్టెయ్. ఒక డిగ్రీ వేడి పెరిగితే కాల్సైట్ ఆక్సిజన్-18 దాదాపు 0.22 పర్ మిల్ తగ్గుతది. నీ 3 పర్ మిల్ వేడితోనే రావాలంటే చెరువు 13 డిగ్రీలకు పైగ చల్లవడాలె. ఈ ఎనిమిది వందల ఏండ్లల్ల వరంగల్‌ల అది జరిగే పని కాదు. కాబట్టి మారింది నీళ్ల ఆక్సిజన్, లేకుంటే ఖనిజం.

నీళ్ల విలువ తియ్యనీకి వాడుకలో ఉన్న సమీకరణం: ఉష్ణోగ్రత = 13.8 − 4.58 × (కార్బనేట్ − నీళ్లు) + 0.08 × (కార్బనేట్ − నీళ్లు) వర్గం. కార్బనేట్ వీపీడీబీ అనే స్కేల్ మీద, నీళ్లు వీఎస్‌మోవ్ మీద పెట్టాలె, రెండు స్కేళ్లు కలుపొద్దు. 28 డిగ్రీల కాడ రెంటి తేడా −2.9 వస్తది. నీ −1.5 కాల్సైట్ అంటే నీళ్లు +1.4. పై పొరల −4.5 అంటే నీళ్లు −1.6. వానాకాలపు వాన మైనస్‌ల పడ్తది. ప్లస్‌ల ఉన్న నీళ్లంటే ఆవిరై మిగిలిన నీళ్లు. ఇంతవరకు నీ అనుమానం తప్పు కాదు.

కానీ ఆవిరి ఎందుకు పెరిగింది? చెరువు మత్తడి దుంకితే (నిండి అలుగు పారితే) పాత నీళ్లు పోయి కొత్త వాన వస్తది, ఆక్సిజన్ తేలికయితది. మత్తడి దుంకకపోతే నీళ్లు ఒక్కచోటనే నిలిచి ఎండకు బరువెక్కుతయి. మత్తడి రాయి ఒక మూర లేపినా దుంకుడు తగ్గుతది. కట్టకు గండి పడి చెరువు లోతు తగ్గినా ఎండకు తొందరగ ఆవిరయితది. ఎగువన కొత్త కుంట కట్టినా కిందికి వచ్చే నీళ్లు తగ్గుతయి. వీటిల ఏదీ వాన తగ్గుడు కాదు, అన్నీ పారపని. కోర్ పక్కన కట్ట చరిత్ర, మత్తడి మరమ్మత్తుల రికార్డు లేకుంటే ఆక్సిజన్ గీత ఒంటరి సాక్షి.

సహజ సరస్సులల్ల కార్బనేట్ కార్బన్-13, ఆక్సిజన్-18 కలిసి ఎక్కి కలిసి దిగితే, సంబంధం 0.7 దాటితే, బయటికి దారిలేని సరస్సు అంటరు. చెరువు ఒక ఏడు దుంకుతది, మూడేండ్లు దుంకది. 2 సెంటీమీటర్ల శాంపిల్‌ల ఆ రెండు రకాల ఏండ్లూ కలిసిపోయి ఉంటయి. నువ్వు పోల్చింది కూడ కార్బనేట్ ఆక్సిజన్‌ను సేంద్రియ కార్బన్‌తోని. ఆ పరీక్ష రెండూ ఒకే కార్బనేట్ గింజ నుంచి వచ్చినప్పుడే చెల్లుతది.

స్ఫటికం
ఖనిజం మారినా ఆక్సిజన్ మారుతది. ఒకే నీళ్లల్ల, ఒకే వేడిల పుట్టినా అరగోనైట్ కాల్సైట్ కన్నా 0.6 నుంచి 0.8 పర్ మిల్ బరువు. చెరువు నత్తగుల్లలు దాదాపు అన్నీ అరగోనైటే. ఆ పొరలల్ల గుల్ల ముక్కలు ఉండి మొత్తం మన్నును నూరి పెట్టినవా? అయితే ఆ 3ల కొంత గుల్లది.

పూడిక_పొరలు
ఉన్నయి. 46 నుంచి 52 దాకా పెద్ద నత్త ముక్కలు, ఒక పగలని గుల్ల కూడ. మన్ను మొత్తం నూరే పెట్టినం. 72 డిగ్రీల ఫాస్ఫారిక్ యాసిడ్, ఆటో శాంప్లర్.

నత్తగుల్ల
72 డిగ్రీలల్ల కాల్సైట్, అరగోనైట్, డోలమైట్ మూడూ కలిసి గ్యాసయి వస్తయి. నీ −1.5 ఎవరిదో చెప్పలేం. ముందు 63 మైక్రాన్ల జల్లెడ పట్టు. గుల్లలు, కంకర పైన మిగుల్తయి. కిందికి దిగిన సన్నటిదాంట్ల నీళ్లల్ల పుట్టిన కార్బనేట్ ఎక్కువ. దాన్ని 25 డిగ్రీల ఫాస్ఫారిక్‌ల పెట్టి మొదటి గ్యాస్ మాత్రమే తీసుకుంటే చాలావరకు కాల్సైట్‌దే, డోలమైట్ రోజులు పడ్తది.

ఆ పగలని గుల్ల బంగారం, దాన్ని నూరకు. నత్త పెరిగేది మొన నుంచి నోటి దిక్కు, చుట్టు మీద చుట్టు. హైడ్రోజన్ పెరాక్సైడ్‌ల నానేసి మెత్తటి బ్రష్‌తోని బురద తీసి, పై పొర గీకి, పెరుగుడు గీతల వెంబడి 0.5 ఎంఎం బిట్‌తోని 2 ఎంఎంకు ఒక చిన్న గుంట తవ్వు. డ్రిల్ మెల్లగ తిప్పాలె, వేడెక్కితే అరగోనైట్ కాల్సైట్‌గ మారి ఆక్సిజన్ చెడుతది. ఒక్కో గుంటల 100 మైక్రోగ్రాముల పొడి చాలు. నోటి దాకా పోతే ఆ నత్త బతికిన కాలమంతా వరుసగ వస్తది. ఒక్క గుల్లల్నే నీళ్లు 4 పర్ మిల్ ఎక్కి దిగినట్టు కనవడితే, పొరల నడుమ 3 పర్ మిల్ తేడా ఏండ్ల మార్పు కాకపోవచ్చు. ఏ నెలల పుట్టిన కార్బనేట్ ఎక్కువ చేరిందన్నదే కావచ్చు.

ఒక లోపం ఉంది. పెద్ద నత్త ఎండాకాలం బురదల దాక్కొని నిద్రపోతది, అప్పుడు గుల్ల పెరగది. అందుకే ఎండాకాలం చివరి బరువు నీళ్లు గుల్లల ఎక్కవు. గుల్ల చూపించేది వానాకాలం, చలికాలం. గుల్ల తేలికగ ఉండి సన్నటి కార్బనేట్ బరువుగ ఉంటే కంగారు పడకు, రెండు వేరే కాలాలు చెబుతున్నయి.

తూము_కాడ
ఇప్పటి నీళ్లు కొలవకుండ పాత నీళ్ల గురించి మాట్లాడొద్దు. నెలకోసారి తూము కాడ, నడుమల, వాగు మొదట్ల 30 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సీసా నీళ్లల్ల ముంచి గాలి బుడగ లేకుండ నింపి మూత బిగించు. యాసిడ్ పొయ్యొద్దు. డ్యూటీరియం (బరువు హైడ్రోజన్), ఆక్సిజన్ రెండూ కొలిపియ్యి. డ్యూటీరియంను నిలువు మీద, ఆక్సిజన్‌ను అడ్డం మీద పెట్టి గీస్తే వాన నీళ్లు 8 వాలు గీత మీద ఉంటయి, ఆవిరైన చెరువు నీళ్లు 4 నుంచి 6 వాలు గీత మీదికి జారుతయి. ఏడాది గడిచేసరికి మీ చెరువు ఏ నెలల ఎక్కడున్నదో తెలుస్తది. కోర్‌ల −1.5 ఏ నెల నీళ్లకు సరిపోతదో అప్పుడు చెప్పొచ్చు.

ఓరుగల్లు_వాన
మహారాష్ట్రల లోనార్ సరస్సు 10 మీటర్ల కోర్‌ల రెండు పెద్ద కరువు కాలాలు దొరికినయి కదా, ఒకటి 4600 నుంచి 3900 ఏండ్ల కింద, ఇంకోటి 2000 నుంచి 600 ఏండ్ల కింద. రెండోది కాకతీయుల కాలాన్ని కప్పేస్తది. రామప్ప శాసనం 1213 నాటిది, గణపతిదేవుని కాలం. ఎండిన కాలమనే చెరువులు కట్టిన్రేమో. ఈ 42–58 పొర దానికి సరిపోదా?

మత్తడి_నీళ్లు
ఈ జోడింపు అందంగ ఉంది, కానీ ఒప్పుకోను. లోనార్ బసాల్ట్‌ల పడ్డ ఉల్క గుంత. బయటికి వాగు లేదు, నీళ్లు క్షారం. దాని పూడికల గేలూసైట్ స్ఫటికాలు పుట్టినయంటే నీళ్లు ఎంత చిక్కవడ్డయో ఖనిజమే చెబుతున్నది. మన చెరువుకు మత్తడి ఉంది, తూము ఉంది, రైతు ఉన్నడు. పైగా ఆ కరువు వల్ల చెరువు కట్టిన్రని ముందే అనుకొని, చెరువు పూడికల కరువు దొరికిందని చెప్పుడు తిరిగి తిరిగి అక్కడికే వచ్చుడు. కట్టకముందు కాలం చెరువు పూడికల ఉండనే ఉండదు. 2000 ఏండ్ల కింద వానలు ఎట్లున్నయో అడగాలంటే కట్టకు ముందున్న నేలనో, సహజ సరస్సునో అడగాలె.

ఓరుగల్లు_వాన
కట్టకు ముందు నేలను అడగాలన్నది నచ్చింది. కోర్ అడుగు అక్కడి దాకా పోయిందా?

పూడిక_పొరలు
148 కింద ఎర్రమొరం, సున్నపు ఉండలు, వేర్ల గుర్తులు. పాత నేల అనుకుంటున్న.

సీసం210
వయసులు లేకుండ ఇంత దూరం వచ్చిన్రు. 42–58 ఏ శతాబ్దం? ఏం డేటింగ్ చేసిన్రు? పూడిక ఎప్పుడన్నా తీసిన్రా?

పూడిక_పొరలు
మిషన్ కాకతీయల 2016ల తీసిన్రు. కోర్ తీసిన చోట తియ్యలేదని ఊరోళ్లు అన్నరు. గుల్ల మీద ఒక్క రేడియోకార్బన్ డేట్ ఉంది, 1100 ఏండ్లకు పైగ వచ్చింది.

సీసం210
గుల్ల డేట్ పక్కకు పెట్టు. ఎగువన సున్నపురాయి, డోలమైట్ ఉన్నచోట నీళ్లల్ల చచ్చిన (రేడియోకార్బన్ మిగలని పాత) కార్బన్ కలుస్తది, నత్త దాన్నే గుల్లకు వాడుకుంటది. పదో వంతు చచ్చిన కార్బన్ కలిస్తే వయసు దాదాపు 850 ఏండ్లు పెద్దగ వస్తది. చెరువు వయసంత తప్పు. గుల్ల వద్దు, మొత్తం మన్ను కూడ వద్దు. నేల మొక్కల గింజలు, ఆకు ముక్కలు, సన్నటి పుల్లల బొగ్గు 250 మైక్రాన్ల జల్లెడల ఏరుకొని, రవ్వంత శాంపిల్‌తోనే రేడియోకార్బన్ కొలిచే ఏఎంఎస్‌కు పంపాలె. లావు మొద్దు బొగ్గు అయితే చెట్టు వయసు కలుస్తది.

1650 నుంచి 1950 దాకా రేడియోకార్బన్‌ను క్యాలెండర్ ఏండ్లకు మార్చే గీత చదునుగ ఉంటది, ఎంత మంచి ల్యాబ్ అయినా ఆ మూడు వందల ఏండ్లల్ల ఎక్కడో చెప్పలేదు. లెడ్-210 సగం ఆయువు 22 ఏండ్లు, అది 100 నుంచి 150 ఏండ్ల దాకనే పట్టుకుంటది. అణుబాంబు పరీక్షల నుంచి పడ్డ సీజియం-137 1963 కాడ శిఖరం. నడుమల ఖాళీ ఉంటది, ఆ ఖాళీని గీత గీసి నింపొద్దు. మక్కజొన్న పుప్పొడి మొదట కనవడ్డ పొర ఒక మేకు లెక్క పనికొస్తది, అది అమెరికా పంట కాబట్టి 1500 ముందు ఉండది.

పూడిక తీసిన చెరువుల, లెడ్-210 నిల్వతోని వయసు కట్టే సీఆర్‌ఎస్ మాడల్ పెట్టకు. మొత్తం లెడ్ నిల్వ చెక్కుచెదరకుండ ఉంటేనే ఆ లెక్క నడుస్తది. పై అర మీటరు ట్రాక్టర్ల మీద చెలకలకు పోతే నిల్వనే పోయింది. తియ్యలేదన్న మాట నిజమో కాదో కూడ లెడ్-210నే చెబుతది. పైనుంచి సాఫీగ తగ్గితే సరే. కొన్ని సెంటీమీటర్ల మెత్తటి కొత్త బురద కింద ఒక్కసారి అడుగు విలువకు పడిపోతే ఆ పైభాగం పోయినట్టే. మన్నును గామా డబ్బాల సీల్ చేసి మూడు వారాలు ఆగాలె, రేడాన్ నిలకడయ్యేదాక. తొందరపడి లెక్కిస్తే రేడియం తక్కువ చూపిస్తది, మిగులు లెడ్ (గాలి నుంచి పడ్డ లెడ్-210) ఎక్కువ చూపిస్తది.

నల్లరేగడి
పైపు కోర్ మీద ఇంకో అనుమానం. ఎండాకాలం చెరువు ఎండినప్పుడు శికంల (చెరువు అడుగు భూమిల) పగుళ్లు మీటరు లోతు పడ్తయి. చెయ్యి పెడితే మోచేయి దాటి పోతది. పై మన్ను ఆ పగుళ్లల్ల రాలి కింద కూర్చుంటది, వాన పడంగనే మూసుకుంటది. పైపు సరిగ్గ ఆ పగులు మీద దిగిందనుకో, 50 సెంటీమీటర్ల కాడ నీకు నిన్నటి మన్ను దొరుకుతది. 63 ఎంఎం పైపుల అది పగులా, పొరా అన్నది కంటికి తెల్వది.

ఎండినప్పుడు గుంత తవ్వి గోడ చూడు. పైపు దించేటప్పుడు లోపలి మన్ను ఎత్తు, బయటి మన్ను ఎత్తు కొలిచినవా? మెత్తటి బురద పైపుల నొక్కుకుపోతది. 1.6 మీటర్ల కోర్ నిజంగ ఎంత లోతు అన్నది ఆ తేడా చెబుతది.

పూడిక_పొరలు
కొలిచినం, 23 సెంటీమీటర్ల నొక్కుడు. గుంత తవ్వుడు ఆలోచించలేదు.

పూడిక_పొరలు
వేడి యాసిడ్ విలువలు వచ్చినయి. పై రెండు శాంపిళ్లు −25, కదల్లేదు. కింది రెండు −24.1. దుంకిన ఆరు −20 నుంచి సగటున −22.8కి దిగినయి. ఎక్స్‌ఆర్‌డీల 30.9 పీక్ 44 నుంచి 56 దాకా మంచిగ ఉంది, పైన లేదు. నైట్రోజన్ గీత సున్న కాడ తగల్లేదు, 0.04 శాతం కాడ తగిలింది. అది తీసేస్తే 9 ఉన్న నిష్పత్తి 14 అయింది.

శికం_మన్ను
సగానికి పైగ డోలమైట్‌దే. నాచు వాదన కూడ బలహీనపడ్డది, 14 అంటే నేల మొక్క ఎక్కువ. మిగిలిన −22.8ని జొన్నచేను లెక్కల పెడితే, −27కు −13కు నడుమ సీ-4 వంతు 30 శాతం. పై పొరల −25 అంటే 14 శాతం. పైభాగం గత వందేండ్లది అయితే అందుల కొంత బొగ్గు, పెట్రోలు కాల్చిన గాలిది. గాలిల కార్బన్-13 −6.4 నుంచి −8.5 దాకా దిగింది, మొక్కలు అదే పీల్చుకున్నయి. డేట్ వచ్చినంక దాన్ని సరిచేస్తే తేడా ఇంకా చిన్నగయితది.

ఇప్పుడు అసలు ప్రశ్న: ఆ 16 సెంటీమీటర్లల్లనే డోలమైట్ ఎందుకు దిగింది? గండి పడితే పూడ్చనీకి ఎక్కడి మొరం తెచ్చిన్రు? ఎగువ కట్ట తెగి బురద ఒక్కసారి వచ్చిందా? గింజ సైజు చూడు. ఆ పొర అడుగు ముతకగ మొదలై పైకి సన్నవడితే ఒక్క వరదల దిగినట్టు. అప్పుడు కరువు కాదు, సరిగ్గ దానికి ఎదురు.

మత్తడి_నీళ్లు
ఒక్క వరద అయితే ఆ 16 సెంటీమీటర్లకు ఏండ్లు లేవు, రెండు రోజులే. ఆక్సిజన్ గీతను కూడ అప్పుడు ఆ పొర తీసేసి గియ్యాలె.

జొన్నచేను
పగలని గుల్ల వరదల ఉండదు అనిపిస్తది. నత్త అక్కడనే బతికి ఉండాలె.

నత్తగుల్ల
ఖాళీ గుల్ల తేలుతది, వరదల కొట్టుకొచ్చి పగలకుండ దిగొచ్చు. మూత చూడాలె. నోటి మీద మూత ఉన్నచోటనే దొరికితే అక్కడనే చచ్చింది.

పూడిక_పొరలు
మూత లేదు. పొర అడుగున ఇసుక పలుకు ఉంది, పైకి సన్నగయింది.

నల్లరేగడి
గుంత అదే చోట తవ్వకు, పైపు దించిన చోట మన్ను కదిలి ఉంటది. 5 మీటర్లు జరిగి, కట్ట దిక్కు కాకుండ వాగు దిక్కు. మీటరు వెడల్పు, 1.8 మీటర్ల లోతు, ఒక పక్క మెట్లు వదలాలె. ఎండ పడని గోడను చదును చేసి, పై 3 సెంటీమీటర్లు తాపీతోని గీకి తీసెయ్. గోడను కింది నుంచి పైకి కోయాలె, పై నుంచి కోస్తే రాలిన మన్ను కింది పొరల పడ్తది. ఒక్కో ముక్కను అల్యూమినియం రేకుల చుట్టి, కాగితం వద్దు, లోతు రాసి, అదే రోజు 4 డిగ్రీల ఫ్రిజ్‌ల పెట్టు. ఆ ముతక పొర గోడ పొడవునా ఒకే లోతుల సాగితే వరద. ఒక్కచోట ముక్కోణంగ దిగితే పగులు.

పూడిక_పొరలు
రోహిణి కార్తెల తవ్వుతం, అప్పటికి తూము దగ్గర తప్ప నీళ్లుండవు. మృగశిర చినుకు పడకముందే గోడ కోసి మూట కట్టాలె. ముతక పొర అడుగు నుంచి, పై నుంచి పుల్లల బొగ్గు రెండు డేట్‌లకు ఏరుతం. ఆ రెండూ ఒక్కటే వయసు వస్తే "కరువు" అన్న మాట కొట్టేస్త.